రోటరీ టూల్‌కి కటింగ్ వీల్ తగిలించడం ఇంత కష్టమా, లేక నాకే రావట్లేదా?

బాల్కనీ మెకానిక్

అందరికీ నమస్తే. విషయం చిన్నదే కానీ నావి రెండు ఆదివారాలు తినేసింది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి వైపు. పోయిన నెల ఇల్లు మారాం. కొత్తింటి కిటికీలు పాతవాటికన్నా చిన్నవి, దాంతో మా కర్టెన్ రాడ్లు నాలుగూ జానెడు పొడవు ఎక్కువయ్యాయి. స్టీలు పైపులు, అంగుళం లావు, లోపల బోలు. వీధి చివర ఫ్యాబ్రికేషన్ షాపులో అడిగితే ఒక్కో కోతకి 50 రూపాయలన్నాడు. రెండొందలు దండగెందుకని 2,800 పెట్టి ఆన్‌లైన్‌లో రోటరీ టూల్ (ముందు చిన్న చక్రాలు తగిలించి కోసే, రుద్దే చేతి మోటారు) తెప్పించాను. లెక్క నాకూ వచ్చు, మీరు చెప్పక్కర్లేదు, మా ఆవిడ రోజుకోసారి చెప్తూనే ఉంది.

టూల్ మీద కంప్లైంట్ లేదు. మోటారు జోరుగా తిరుగుతుంది, గరుకు కాగితం డ్రమ్ము పెట్టి పాత స్టూలు అంచులు రుద్దితే నున్నగా వచ్చాయి. గొడవంతా కటింగ్ వీల్స్ దగ్గరే.

డబ్బాలో రెండు రకాల మాండ్రెల్స్, అంటే వీల్‌ని టూల్‌కి తగిలించే సన్నటి కాడలు, వచ్చాయి. ఒకటి స్ప్రింగ్‌ది. కింద కాలర్ లాంటిది వెనక్కి లాగి, వీల్ పెట్టి, తిప్పి వదిలేయాలట. వీడియోలో వాడు రెండు సెకన్లలో పెట్టేశాడు. నాకు ఆ కాలర్ కదలనే కదలదు, బొటనవేలి గోరు విరిగింది. ఒకసారి ఎలాగో వీల్ కూర్చున్నట్టు అనిపించి స్విచ్ వేస్తే ఎగిరి వెళ్ళి వాషింగ్ మెషీన్‌కి తగిలింది.

సరే అని రెండోది, స్క్రూ రకం, బయటికి తీశాను. ఆ స్క్రూ ఎంత ఉంటుందంటే, మినపగింజకి తల పెట్టినట్టు ఉంటుంది. వీల్ పెట్టి బిగించబోతుంటే వేళ్ళ మధ్య నుంచి జారింది. ఫోన్ టార్చ్ వేసుకుని బాల్కనీ అంతా పాకాను, దొరకలేదు, జాలీలోంచి పైపులోకి పోయి ఉంటుంది. ఇంకో మాండ్రెల్ ఉంది కాబట్టి సరిపోయింది. దాన్ని బిగించి రాడ్‌కి ఆనిస్తే ఇంకో వింత, మోటారు తిరుగుతోంది, శబ్దం వస్తోంది, వీల్ మాత్రం ఆగిపోతోంది! నట్ ఇంకాస్త బిగించాను, మళ్ళీ అదే. ఇంకా గట్టిగా ఒత్తితే ఈసారి వీల్ మూడు ముక్కలైంది, ఒక ముక్క చెవి పక్క నుంచి పోయింది.

రెండు ఆదివారాల్లో మొత్తం కోత అర సెంటీమీటరు గాటు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

హ్యాక్సా భక్తుడు

అన్నా, హ్యాక్సా ఫ్రేమ్, దానికో బ్లేడ్. పల్చటి పైపు కాబట్టి అంగుళానికి 32 పళ్ళుండే బ్లేడ్ అడిగి తీసుకో, 18 పళ్ళది ఇస్తే పైపు అంచు పళ్ళ మధ్య ఇరుక్కుని లాగుతుంది. రాడ్‌కి ఐదు నిమిషాలు. అయిపోయింది.

బాల్కనీ మెకానిక్

అది నాకూ తెలుసు బ్రో, కానీ 2,800 పెట్టాక హ్యాక్సాతో కోస్తే ఇంట్లో నా పరువేం కావాలి.

రైలుబొమ్మలాయన

ముందు రెండు ప్రశ్నలు. డబ్బాలో వచ్చిన వీల్స్ అన్నీ ఒకే రకమా? మధ్యలో రంధ్రం ఎలా ఉంది, గుండ్రంగానా, ఇంకోలాగానా? ఇంకోటి, స్ప్రింగ్ మాండ్రెల్‌ని టూల్‌లోకి ఎంత లోతుగా దూర్చావు?

బాల్కనీ మెకానిక్

ఇప్పుడు మీరు అడిగాక చూశాను. పెద్దవి ఐదున్నాయి, మధ్యలో రేకు ఉంది, రంధ్రం అదోలా ఉంది, రెండు వైపులా వెడల్పు, మధ్యలో సన్నం. చిన్నవి, ఎర్రమట్టి రంగువి, ఓ ముప్పై ఉంటాయి, వాటికి మామూలు గుండ్రటి రంధ్రం. నేను మొదట స్ప్రింగ్ దానికి చిన్నవే పెట్టడానికి చూశాను. లోతంటారా, వెళ్ళినంత వరకు నెట్టాను, గట్టిగా పట్టుకుంటుందని.

రైలుబొమ్మలాయన

అదీ సంగతి. నేను పాత స్కేల్ మోడల్ రైళ్ళు చేస్తుంటాను, పట్టాలు కోయడానికి వారానికో పది వీల్స్ వాడతాను, నువ్వు పడ్డవన్నీ పదేళ్ళ కింద నేనూ పడ్డాను. నీకొచ్చినవి నాలుగు వేర్వేరు గొడవలు, అన్నీ కలిసి వచ్చేసరికి ఒకటే గొడవలా కనిపిస్తోంది.

మొదటిది. ఆ డమరుకం ఆకారం రంధ్రం ఉన్నవే స్ప్రింగ్ మాండ్రెల్‌వి. గుండ్రటి రంధ్రం ఉన్నవి దానికి చస్తే పట్టవు, అవి స్క్రూ మాండ్రెల్‌వి. ఈ స్ప్రింగ్ పద్ధతి డ్రెమెల్ వాళ్ళది, ఈజీ లాక్ అంటారు. (మనవాళ్ళు ఫొటోకాపీని జెరాక్స్ అన్నట్టు ఏ కంపెనీ రోటరీ టూల్‌నైనా డ్రెమెల్ అనేస్తారు, షాపులో అడిగేటప్పుడు అది గుర్తుపెట్టుకో, లేకపోతే ధర వేరేగా చెప్తాడు.) డ్రెమెల్ స్క్రూ మాండ్రెల్ నంబర్ 402, స్ప్రింగ్‌ది ఈజెడ్ 402. నంబర్ దాదాపు ఒకటే కావడంతో ఆన్‌లైన్‌లో ఒకటి అనుకుని ఇంకోటి తెప్పించుకునేవాళ్ళు బోలెడంతమంది.

రెండోది కాలర్. మాండ్రెల్‌ని మెడదాకా దూర్చేస్తే కాలర్ వెనక్కి రావడానికి చోటేది? వెళ్ళి కొల్లెట్ నట్‌కి (టూల్ మూతి దగ్గర కాడని బిగించే నట్) తగులుతుంది, నువ్వు స్ప్రింగ్ గట్టిగా ఉందనుకుని గోరు విరగ్గొట్టుకుంటావు. కాస్త బయటికి లాగి, కాలర్ పూర్తిగా వెనక్కి వచ్చేంత సందు ఉంచి బిగించు. అలాగని అంగుళం బయటికి పెట్టకు, కాడ ఎంత బయటికి ఉంటే అంత ఊగుతుంది. తర్వాత వీల్‌ని రేకు ఉన్న వైపు టూల్ వైపుకి ఉండేలా పెట్టు. కాలర్ వెనక్కి లాగి, వీల్ దించి, పావు చుట్టు తిప్పి, కాలర్ వదిలెయ్. సరిగ్గా పడితే టక్‌మని వేలికి తెలుస్తుంది. చేత్తో వీల్ పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడు, రాకూడదు. నీది ఎగిరిపోయిందంటే తిరగేసి పెట్టావు, లేదా సగం తిప్పి వదిలేశావు.

మూడోది, మోటారు తిరిగి వీల్ ఆగడం. స్క్రూ కింద వీల్ జారుతుండొచ్చు, లేదా కొల్లెట్‌లో, అంటే ఆ నట్ లోపల కాడని పిసికి పట్టే చిన్న గొట్టంలో, కాడే జారుతుండొచ్చు. మాండ్రెల్ కాడ మీద, కొల్లెట్ నట్ మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గియ్. ఓసారి కోసి ఆపి చూడు. రెండు గీతలూ ఒకే వరసలో ఉంటే కాడ జారలేదు, స్క్రూ వదులు. గీతలు విడిపోతే కొల్లెట్ సైజు తేడా. డ్రెమెల్ కొల్లెట్లు 3.2, 2.4, 1.6, 0.8 మిల్లీమీటర్లు, వెనక గీసిన రింగుల్ని బట్టి గుర్తుపట్టాలి. రింగు లేనిది 3.2, మూడు రింగులది 2.4, రెండు రింగులది 1.6, ఒక్క రింగుది 0.8. చవక సెట్లలో మాండ్రెల్ కాడ 3.2 బదులు 3 ఉండటం మామూలే. ఆ రెండు పాయింట్ల తేడాని కొల్లెట్ సరిగ్గా పిసకలేదు, నట్ ఎంత బిగించినా చల్లగా జారుతుంది. మందం కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్ ఒకటి కొనుక్కో, ఈ పనికి అంతకన్నా పెద్దది అక్కర్లేదు. 3 ఉంటే రెండు దార్లు, 3.2 కాడ ఉన్న మాండ్రెల్ కొను, లేదా చిన్న డ్రిల్ చక్ లాంటి మూడు దవడల చక్ పెట్టుకో, అది ఇలాంటి సన్నకాడలు వేటినైనా పట్టుకుంటుంది. చక్‌లో వణుకు కాస్త ఎక్కువ, అందుకే నేను కొల్లెట్టే వాడతాను.

ఇంకోటి, షాఫ్ట్ లాక్ బటన్ (నట్ విప్పేటప్పుడు ఇరుసు తిరగకుండా పట్టేది) టూల్ తిరుగుతున్నప్పుడు పొరపాటున కూడా నొక్కకు. నేను నొక్కాను. తర్వాత కథ రిపేర్ షాపులో.

విరగడం గురించి వేరేవాళ్ళు చెప్తారు, నాకు అన్నం చల్లారిపోతోంది.

నగర్తపేట మనవడు

స్క్రూ మాండ్రెల్ గురించి నేను చెప్తాను. మాది కంసాలి కుటుంబం, మా తాతగారు, నాన్నగారు నగర్తపేటలోనే చేసేవారు. మా దగ్గర మోటారు పైన కొక్కేనికి వేలాడుతుంది, కింద పెడల్, మధ్యలో ఫ్లెక్స్ షాఫ్ట్, అంటే ఎటైనా వంగే ఇరుసు, చేతిలో పట్టుకునేది హ్యాండ్‌పీస్. కాడ 2.35 మిల్లీమీటర్లు, పళ్ళ డాక్టర్లు, డెంటల్ ల్యాబ్‌ల వాళ్ళు హ్యాండ్‌పీస్‌లో వాడేదీ అదే సైజు. మీ డబ్బాలో సన్నకాడ మాండ్రెల్ ఏదైనా ఉంటే అది బహుశా ఈ సైజే, దానికి 2.4 కొల్లెట్ సరిగ్గా పడుతుంది.

స్క్రూ పడిపోవడానికి మా తాతగారి మందు చెప్తాను. స్క్రూడ్రైవర్ కొనకి వడ్లగింజంత మైనం అద్దండి. స్క్రూ దానికి అంటుకుని నిలబడుతుంది, రెండు చేతులూ ఖాళీ. కింద ఒక స్టీలు కంచం పెట్టుకోండి, పడినా ఖంగుమని చెప్తుంది. పాత స్పీకర్ అయస్కాంతం దగ్గరుంటే ఇంకా మంచిది.

బిళ్ళకి (మీరు వీల్ అంటున్నదే) రెండు వైపులా చిన్న వాషర్లు ఉండాలి, కాగితంవైనా సరే. సెట్‌తో వచ్చిన స్క్రూ తల మరీ చిన్నది, అది నేరుగా బిళ్ళ మీద ఆనితే ఉన్న బరువంతా ఒక్క చోట పడి అక్కణ్ణుంచే పగులు మొదలవుతుంది. పోస్ట్‌కార్డు ముక్కని వాషరంత కత్తిరించి పెట్టినా పట్టు వస్తుంది. స్క్రూని మరీ పిసికేయకండి. బిళ్ళ జారకుండా ఉంటే చాలు, ఆ పైన పావు చుట్టు కూడా ఎక్కువే.

మీరు ఎందుకు పిసికేస్తారో నాకు తెలుసు, తిరిగేటప్పుడు స్క్రూ ఊడిపోతుందని భయం. నిజానికి కోసేటప్పుడు స్క్రూ ఊడదు, ఇంకా బిగుస్తుంది. వెనక నుంచి చూస్తే టూల్ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, లోహం బిళ్ళని పట్టి ఆపబోతుంది, ఆ ఆపే లాగుడు స్క్రూని బిగించే వైపే పని చేస్తుంది. వదులయ్యేది స్విచ్ ఆపినప్పుడు. మోటారు ఠక్కున తగ్గుతుంది, బిళ్ళ తన ఊపులో ఇంకో రెండు చుట్లు తిరగాలని చూస్తుంది, అప్పుడు స్క్రూ విప్పుకునే దిశలో లాగుడు పడుతుంది. అందుకే ఆపిన ప్రతిసారీ ఓసారి స్క్రూడ్రైవర్‌తో తాకి చూసుకోవడం మా ఇంట్లో అలవాటు. ఇదంతా మాకు ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు, "ఆపాక చూడరా" అని నెత్తిన మొట్టేవారు, కారణం నేను ఇంజనీరింగ్‌లో చేరాక తెలుసుకున్నాను.

పీణ్య నైట్ షిఫ్ట్

విరిగిన దాని గురించి. నేను పీణ్యలో ఒక మెషీన్ షాపులో చేస్తాను, గ్రైండింగ్ వీల్స్‌తో పదకొండేళ్ళు. బాల్కనీ తమ్ముడూ, ముక్క చెవి పక్క నుంచి పోయిందన్నావు, అదే కాస్త ఇటు వచ్చుంటే కంట్లోనే దిగేది.

చేతిలో బొమ్మలా ఉందని జనం దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 38 మిల్లీమీటర్ల వీల్ చుట్టుకొలత దాదాపు 119 మిల్లీమీటర్లు. 30,000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 30,000 చుట్లు, సెకనుకి 500. అంటే వీల్ అంచు సెకనుకి దాదాపు 60 మీటర్లు, గంటకి 215 కిలోమీటర్లు. 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం దగ్గర 58 మీటర్లు. చూశావా, వేగంలో మీ బాల్కనీ బొమ్మకీ మా గ్రైండర్‌కీ తేడా లేదు. బరువు తక్కువ కాబట్టి చర్మానికి అంత దెబ్బ తగలదు, కంటికి మాత్రం బరువుతో పని లేదు. పక్కలు మూసుకుని ఉండే సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకో, చదువుకునే కళ్ళజోడు లెక్కలోకి రాదు. మాస్క్ కూడా. నూలు గ్లవ్స్ మాత్రం వద్దు, పోగు చుట్టుకుంటే వేలు దాని వెంటే పోతుంది. వీల్ తిరిగే గీతకి ఎదురుగా మొహం పెట్టకు, పక్కకి ఉండు. కొత్త వీల్ పెట్టిన ప్రతిసారీ గోడ వైపు చూపించి అరనిమిషం ఖాళీగా తిప్పు, విరిగేదైతే అప్పుడే విరుగుతుంది.

ఇక ఎందుకు విరిగింది? ఆ ఎర్రమట్టి రంగు వీల్స్‌లో లోపల ఫైబర్ జాలీ ఉండదు, అప్పడం లాంటివి. అంచు మీద ఎంత కోసినా ఓర్చుకుంటాయి, పక్కకి కాస్త వంగితే చాలు, ఠప్. ఫైబర్ జాలీ వేసినవి వాడితే సగం బాధ తగ్గుతుంది, కాస్త మందంగా ఉంటాయి, కోత వెడల్పవుతుంది, కర్టెన్ రాడ్‌కి దాంతో ఏం నష్టం లేదు. అసలు సంగతి, రాడ్‌ని ఎలా పట్టుకున్నావు?

బాల్కనీ మెకానిక్

నిజం చెప్పాలా... రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద అటో కొన ఇటో కొన పెట్టి, మధ్యలో మోకాలితో నొక్కి పట్టుకున్నాను.

పీణ్య నైట్ షిఫ్ట్

అనుకున్నా. రెండు కొనలూ ఆనించి మధ్యలో కోస్తే కోత లోతుకి వెళ్ళేకొద్దీ రాడ్ కిందికి కుంగుతుంది, గాటు మూసుకుంటుంది, వీల్‌ని రెండు వైపుల నుంచి కరుస్తుంది. ఎంత మంచి వీలైనా విరుగుతుంది. నీకు కావాల్సిన వైపు గట్టిగా క్లాంప్ చేయి, వదిలేసే ముక్కని గాల్లో వేలాడనివ్వు, అప్పుడు గాటు తనంతట తాను తెరుచుకుంటుంది. పైపు చుట్టూ మాస్కింగ్ టేప్ చుట్టి దాని అంచు వెంబడి కోయి. ఒకే చోట లోపలికి దించకు, చిన్న వీల్‌కి అంత లోతు లేదు కూడా, మాండ్రెల్ తల పైపుకి తగిలేస్తుంది. కొంచెం గాటు, రాడ్ తిప్పు, మళ్ళీ కొంచెం గాటు. స్టెయిన్‌లెస్ అయితే ఒకేచోట రుద్దుతూ కూర్చుంటే వేడెక్కుతుంది, రుద్దిన చోటు ఇంకా గట్టిపడుతుంది. ఒత్తకు. టూల్ శబ్దం దిగిపోతోందంటే ఒత్తుతున్నావని అర్థం.

సెట్లు పాతబడితే కూడా నమ్మకు. రెజిన్‌తో చేసిన వీల్స్‌కి వయసు ఉంటుంది. పెద్ద గ్రైండర్ వీల్స్‌కి మధ్య రేకు రింగు మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం కొట్టి ఉంటుంది, తయారైన మూడేళ్ళకి. చిన్నవాటి మీద ఎవడూ కొట్టడు. వానాకాలం బాల్కనీలో తెరిచి పెట్టినవైతే పారేయ్.

హ్యాక్సా భక్తుడు

ఇదంతా చదివాక కూడా హ్యాక్సా ఎవరికీ గుర్తు రావట్లేదు, అది నాకు బాధ.

బాల్కనీ మెకానిక్

అప్‌డేట్. లేటైంది, సారీ, ఆఫీసులో రిలీజ్ ఉండింది.

మార్కర్ గీత టెస్ట్ చేశాను. గీతలు విడిపోయాయి, కాడే జారుతోంది. వెర్నియర్‌తో కొలిస్తే 3.0. కొల్లెట్ వెనక రింగు లేదు, అంటే 3.2. ఇన్నాళ్ళూ ఆ టూల్‌ని నట్ బిగించి బిగించి తిట్టుకున్నాను, పాపం.

శనివారం ఎస్పీ రోడ్ వెళ్ళాను. మొదటి మూడు షాపుల్లో "డ్రెమెల్ మాండ్రెల్" అంటే మొత్తం సెట్ చేతిలో పెట్టి ఇదే తీసుకోండన్నారు. నాలుగో షాపులో పెద్దాయన, తెలుగాయనే, అనంతపురం వైపు మనిషట, నా వెర్నియర్ చూసి నవ్వి, మూడు మాండ్రెల్స్ తీసి తానే కొలిచి 3.2 వచ్చినదాన్నే ఇచ్చారు. ఫైబర్ జాలీ వీల్స్ పది కూడా. అన్నీ కలిపి 340 అయింది. దయచేసి ఎవరూ పాత లెక్కకి కలిపి చూడకండి.

ఆదివారం మా బావమరిదిని పిలిచి, ఇస్త్రీ బల్లకి రాడ్‌ని సి-క్లాంప్‌తో బిగించాం. మైనం చిట్కా అద్భుతం నగర్తపేట అన్నా, ఇంట్లో మైనం లేక పుట్టినరోజు కొవ్వొత్తి వాడాను, పని చేసింది. పోస్ట్‌కార్డు ఎక్కడా దొరకలేదు, పెళ్ళి కార్డు కత్తిరించాను. మొదటి రాడ్‌కి 20 నిమిషాలు పట్టింది, మూడోదానికి ఏడు. చుట్టూ తిప్పుకుంటూ వచ్చేసరికి మొదలుపెట్టిన గాటూ ముగించిన గాటూ ఒక వెంట్రుక తేడాలో కలిశాయి. ఆ చోటు గోరుతో తడిమి చూసి బావమరిదికి కూడా తడిమించాను. వీల్ ఒక్కటి కూడా విరగలేదు, అరిగి అరిగి బాగా చిన్నదయ్యేదాకా వాడాను.

నాలుగో రాడ్ దగ్గర కింది ఇంటి ఓనర్ ఆంటీ పైకొచ్చారు. మధ్యాహ్నం పడుకున్నారట, పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నట్టుందన్నారు. సారీ చెప్పి ఆపేశాం. సాయంత్రం లోపు కర్టెన్ పడాలి, కాబట్టి... బావమరిది బండి డిక్కీలో హ్యాక్సా ఉంది.

హ్యాక్సా భక్తుడు

ఎన్ని నిమిషాలు పట్టింది?

బాల్కనీ మెకానిక్

ఆరు. కానీ అంచు వంకర వచ్చింది, దాన్ని మళ్ళీ రోటరీ టూల్‌తోనే సరి చేశాను. రాసిపెట్టుకో.

కొత్తగా చేరినవాడు

అన్నలూ, మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను కేఆర్ పురంలో ఉంటాను, నాదీ ఇలాంటి సెట్టే. బాత్రూమ్ టైల్‌కి కుళాయి కోసం చిన్న చదరం కోయాలి. ఇదే ఫైబర్ వీల్ పెట్టి కోసేయొచ్చా?

రైలుబొమ్మలాయన

వద్దు తమ్ముడూ, అది లోహానికి. టైల్‌కి డైమండ్ వీల్ కావాలి, నీళ్ళ సంగతి, కరెంటు సంగతి రెండూ చూసుకోవాలి. వేరే పోస్ట్ పెట్టు, టైల్ మందం రాయి. వీల్ రంధ్రం ఫొటో ముందే పెట్టు, గుండ్రమో డమరుకమో మళ్ళీ అడిగించుకోకు.